ఎస్‌కి ముందు అపాస్ట్రఫీ

ఆసుపత్రి ఆఫీసులో ఇరవై ఆరేళ్లుగా టైపు చేస్తున్న ఆవిడని అందరూ కామా అక్క అనేవారు. ఇంగ్లీషు కాగితంలో చుక్క తప్పినా ఆవిడ కంట పడాల్సిందే.

పిల్లల వార్డులో మందు మోతాదు ఎక్కువై ఒక పసిపాప చనిపోయింది. విచారణ చేసిన పెద్ద డాక్టరు నివేదిక చెబుతుంటే ఆవిడ టైపు చేసింది. 'నర్సెస్ నెగ్లిజెన్స్' అన్నాడాయన. ఎస్‌కి ముందు అపాస్ట్రఫీ, అదే ఆ పైన పెట్టే కామా, పెడితే నిర్లక్ష్యం ఒక్క నర్సుది, తర్వాత పెడితే అందరిదీ. చెవికి రెండూ ఒకటే. అడుగుదామనుకుంది కానీ, ఆయన విసుగు చూసి నోరు మెదపలేదు. ఎస్‌కి ముందే పెట్టేసింది.

నెల తిరక్కుండా, సూది వేసిన నర్సు ఉద్యోగం ఊడింది. ఆ పూట డ్యూటీలో నలుగురున్నారని తెలిశాక కామా అక్కకి తను చేసిన తప్పు అర్థమైంది. డాక్టరు దగ్గరికి వెళ్లింది.

"మీరన్నది నలుగుర్నీ కదండీ? తప్పు నాది."

"సంతకాలైపోయాయి. ఇప్పుడు కదిపితే నా మెడకి చుట్టుకుంటుంది. వదిలెయ్యమ్మా."

ఆవిడ వదల్లేదు. జరిగింది రాసి పైవాళ్లకి పంపింది. జవాబు రాలేదు. చివరికి ఆ నర్సు ఇంటికే వెళ్లి చెప్పింది.

నర్సు గుమ్మంలో నిలబడే అంతా వింది. "మిగతా ముగ్గురికీ నోరుంది కదక్కా. మీ అపాస్ట్రఫీ వాళ్ల నోళ్లు కట్టెయ్యలేదు," అని తలుపు మెల్లగా వేసుకుంది.

జరిగింది బయటికి చెప్పమని కామా అక్క ఆ ముగ్గురి ఇళ్లకీ తిరిగింది. ఇద్దరు బయటికి రాలేదు. మూడో ఆవిడ "నాకు పిల్లలున్నారక్కా" అని ఏడ్చింది.