తాతయ్య కళ్లతో విన్న పాట

నా చిన్నప్పుడు, ముంబై దగ్గర మేముండే భివండీలో శుక్రవారం వచ్చిందంటే ఊరంతా ఒక్కసారిగా మూగబోయేది. ఆ రోజు కరెంటు ఉండదు, సాంచాలు నడవవు. మరమగ్గాలను మేము సాంచాలనే వాళ్లం. అందుకే మా తెలుగువాళ్ల ప్రార్థన ఆదివారం కాక శుక్రవారం జరిగేది. ఊళ్లోనే నాగావ్ అనే పేటలో ఒక కార్ఖానా మీది గదిలో చాపలు పరుచుకుని కూర్చునేవాళ్లం. మా వాళ్లలో ఏసును నమ్ముకున్న ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతా చుట్టాలు మమ్మల్ని చూసి నవ్వేవాళ్లు. ఆ గదిలో పాట ఎత్తుకునేది నేనే. పదేళ్ల పిల్లనే గానీ గొంతు పెద్దది, పొగరు అంతకంటే పెద్దది.

కుదురు మాత్రం బొత్తిగా లేదు. పాస్టరు అయ్యగారు వాక్యం చెబుతుంటే చాప పుల్లలు పీకుతూ, కిటికీలోంచి గల్లీలోకి చూస్తూ, పాట ఎప్పుడొస్తుందా అని కొట్టుకుపోయేదాన్ని.

మా తాతయ్య, అంటే అమ్మ వాళ్ల నాయన, సిరిసిల్ల వైపు నుంచి వచ్చి ముప్పై ఏళ్లు సాంచాల మధ్య నిలబడ్డ మనిషి. ఆ చప్పుడుకు చెవులు పూర్తిగా పోయాయి. కార్ఖానాలో మాట వినబడదు కాబట్టి పనివాళ్లంతా ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టుకుంటారు. తాతయ్య ముందు వరుసలో, సరిగ్గా నా ఎదురుగా కూర్చుని పాటను కూడా అట్లాగే పట్టుకునేవాడు. నా పెదవులు చూస్తూ ఒక మాట వెనకగా, రాగం లేకుండా పాడేవాడు. అయ్యగారివి గుబురు మీసాలు, పైగా తల వంచుకుని చదువుతారు. ఆయన చెప్పేదేదీ తాతయ్యకు అందేది కాదు. ఆయనకు అందేది నా పాట ఒక్కటే.

ఆ ఏడు క్రిస్మస్‌కు ముందు, నేను పాటను పరుగెత్తిస్తున్నానని చెప్పి, అయ్యగారు చరణాలు పక్కింటి అక్కకు ఇచ్చారు. నన్ను అందరితో కలిసి పల్లవి పాడమన్నారు. ఒళ్లు మండిపోయింది నాకు. ఆ శుక్రవారం నిలబడ్డానే గానీ పాడలేదు. ఊరికే ఉంటే అమ్మ చూస్తుందని పెదవులు ఆడించాను. లోపల ఉడుకుతున్నదంతా గొంతు రానివ్వకుండా అనేసుకుంటూ పోయాను. అక్కకు తాళం రాదని, అయ్యగారికి కళ్లు లేవని, ఈ దేవుడి కంటే మా చుట్టాల దేవుళ్లే నయమని. సాంచాలు బంద్ ఉన్న రోజు పెదవులు చదివే పని ఎవరికుంటుందిలే అనుకున్నాను. కార్ఖానా మనుషుల మధ్య పెరిగి కూడా అట్లా ఎలా అనుకున్నానో నాకే తెలియదు.

అందరి గొంతుల మధ్య నాకు వినబడలేదు గానీ, నా వెనకే ఏదో అందుకుంటున్న తాతయ్య నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఆగిపోయాడు. తర్వాత తల దించుకుని చాప వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఇంటికొచ్చాక తాతయ్య అమ్మతో చెబుతాడేమోనని నేను గల్లీలోకి పోయేదాన్ని, వచ్చేదాన్ని, ఆయన మొహం చూసి మళ్లీ పోయేదాన్ని. వారమంతా ఇదే పని. చివరికి శుక్రవారం వచ్చింది. అందరం తయారయ్యాక, తాతయ్య చొక్కా తొడుక్కోకుండా బనియన్‌తోనే కూర్చుని, తనకు పాట అందడం లేదని, ఇక ప్రార్థనకు రానని అమ్మతో అన్నాడు. చెవులకు తోడు కళ్లు కూడా పోతున్నాయేమోనని అమ్మ కంగారుపడింది. నేను ఆగలేకపోయాను. ఆయన ముందు కూర్చుని, నిజంగానే కళ్లు కనబడటం లేదా అని పెదవులతో అడిగాను.

"కండ్లు మంచిగనే ఉన్నయి బిడ్డా. ఆ గదిల నాకు వినొచ్చేది నీ నోరొక్కటే. అది ఏమంటె గదే నాకు ప్రార్థన. మొన్న రెండు మాటలు నా నోట్లకెల్లి ఎల్లినంక సమజైంది, నేనేమంటున్ననో."

కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. ఏడుస్తూనే కొక్కేనికి ఉన్న ఆయన చొక్కా తీసి చేతికిచ్చాను. నా మొహం చూసి, తొడుక్కున్నాడు.

ఆ రోజు చరణాలు అక్కే పాడింది. ఆమె పాడేవాళ్ల వెనక వరుసలో, నా వెనకాల నిలబడటం వల్ల తాతయ్యకు కనబడదు. అందుకని ఆమె పాడుతున్న ప్రతి మాటనూ నేను గొంతు లేకుండా పెదవులతో ఆయనకు అందించాను. తాతయ్య ఒక మాట వెనకగా, గదంతా దద్దరిల్లేలా అందుకున్నాడు. అక్క పాట చెడింది, అందరూ నవ్వారు. నా మనసు మాత్రం అప్పుడే కుదుటపడింది.

తాతయ్య పోయి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ నాకు కుదురు తక్కువే, కోపం ముక్కు మీదే ఉంటుంది. కోపంగా ఉన్న రోజు మాత్రం పాటకు లేవను. అడిగితే గొంతు బాగాలేదని చెబుతాను. తాతయ్య ఏమీ ఎరగకుండా దేవుడి ముందు అనేసిన ఆ రెండు మాటలు ఏవో నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. అవి నావి, ఆయనవి కావు అని ఈ రోజుకీ ప్రార్థనలో చెప్పుకుంటూనే ఉన్నాను.