రావుసాబ్ పంపు

పెద్దపల్లిలో తెల్లవారిందంటే లింగారావు సైకిలు పంపు చేతబట్టి వాకిట్లో నిలబడ్డట్టే. వరి పొలాలున్న ఆసామి, చేయాల్సిన పనులు బోలెడు. అయినా స్నానం చేసి పెట్టుకున్న విభూతి ఆరకముందే గల్లీలో పోయే ప్రతి సైకిలునూ ఆపి, బొటనవేలితో టైరు ఒత్తేవాడు. తీర్పు ఎప్పుడూ ఒక్కటే.

"గాలి తక్కువున్నది!"

ఒకసారి పెండ్లి విందులో ఉబ్బిన పూరీని ఒత్తి, వడ్డించేవాడితోనూ అదే మాట అన్నాడు. ఇక ఆయన గాలి కొట్టడమంటే జపమే. పోటుకొక రామనామం. అది ముగిసేలోగా పాలవాడి పాలు తోడుకుంటాయేమోనని అందరికీ భయం.

అంతా అయ్యాక పోస్ట్‌మన్ హనుమండ్లు తిన్నగా జలాలుద్దీన్ సైకిల్ టాక్సీ దుకాణానికి వచ్చేవాడు. "జలాల్ భాయ్, రావుసాబ్ గాలి కొట్టిండు. జర నువ్వు మల్ల కొట్టు."

ఊరందరికీ సైకిళ్లు కిరాయికిచ్చే జలాలుద్దీన్, తాను మాత్రం గోదావరి దాటి తొక్కింది లేదు. దుకాణంలో లడఖ్ మైదానం బొమ్మున్న క్యాలెండర్ ఒకటి, ఏండ్లు మారినా గోడ దిగలేదు. చివరికి తొంభై ఒకటిలో బజారంతా వినేటట్టు ప్రకటించాడు. "గా మైదానం సైకిల్ మీదనే దాటుత. లారీ ఎక్కితే నా పేరు జలాలుద్దీనే కాదు!"

"నేనూ వస్త," అన్నాడు లింగారావు. "అక్కడ గాలి తక్కువంట గద."

రైలు దిగి, బస్సు దిగి, ఇద్దరూ సైకిళ్లెక్కారు. ఆకాశానికి అటక కట్టినట్టుంది ఆ మైదానం. చెట్టు లేదు, పిట్ట లేదు. జలాలుద్దీన్ ఇన్నేండ్లు తాగిన బీడీలన్నీ ఒక్కసారి రొమ్ములో లేచి కూర్చున్నాయి. నాలుగు తొక్కులకే ఛాతీ కొలిమి తిత్తిలా ఎగిరేది. చచ్చినా ఆగుదామనడు. బజారుకు మాటిచ్చిన మనిషి.

ప్రతిసారీ అంతలో వెనుకనుంచి కేక. "ఆగు భాయ్! నా టైర్ల గాలి తక్కువున్నది!"

జలాలుద్దీన్ రాతిమీద కూలబడి, రొప్పుతూనే తిట్టేవాడు. "మీతోని వచ్చుడే నా గల్తి! మీరు లేకుంటే ఎప్పుడో దాటిపోతుంటి!"

"నిజమే భాయ్. రామ... రామ..."

"జర జల్ది అనుండ్రి గా రాముని!"

"ఆయనకేం తొందర?"

"ఇటియ్యుండ్రి, నేను కొడుత."

"నా టైరు నా వేలికే తెలుస్తది," అని పంపు దాచుకునేవాడు లింగారావు.

చివరి మిట్ట ఎక్కేముందు ఇద్దరూ అలాగే ఆగి ఉన్నప్పుడు ఒక మిలిటరీ లారీ వచ్చింది. డ్రైవరు జలాలుద్దీన్ వాలకం చూసి, వెనుక ఎక్కమని సైగ చేశాడు. వద్దనడానికి జలాలుద్దీన్ నోరు తెరిచాడు. ఊపిరాడక మాట రాలేదు. కళ్లముందు పెద్దపల్లి బజారంతా నవ్వుతూ కనబడింది.

లింగారావు అడ్డమొచ్చి తన టైరు చూపించాడు. "కుచ్ నై సాబ్, హవా కమ్ హై!"

డ్రైవరు నవ్వి వెళ్లిపోయాడు.

కాసేపటికి జలాలుద్దీన్‌కు ఊపిరి కుదుటపడింది. ఈ జపం పూర్తయ్యేసరికి పొద్దుగూకుతుందని పంపు గుంజుకున్నాడు. ఒక్క పోటు వేశాడు. చేతికి బిగువే తగల్లేదు. మూత విప్పి చూస్తే లోపల గాలిని తోసే తోలు వాషరే లేదు. ఆయన టైరు ఒత్తి చూశాడు. రాయిలా ఉంది.

"ఎన్నడు పోయింది రావుసాబ్, గీ వాషర్?"

లింగారావు నేల చూపులు చూశాడు. "పోలే భాయ్, నేనే తీసేసిన. హనుమండ్లు కాలు ఇరిగిన ఏడు. కుంటుకుంటనే తొక్కుతడు, కూసోమంటే కూసోడు. గాలి లేదంటే మాత్రం అరుగు మీద కూసుంటడు. వాషరుంటే జల్ది అయిపోతది గద!"

జలాలుద్దీన్ మూత బిగించి పంపు ఆయన చేతికే ఇచ్చాడు. మళ్లీ రాతిమీద కూర్చుంటూ, "నా ఎనుక టైరు గూడ జర చూడుండ్రి," అన్నాడు. "తక్కువున్నట్టే ఉన్నది."

పొద్దువాలేలోగా ఇద్దరూ సైకిళ్ల మీదనే మైదానం దాటారు. మిట్ట మీద నిలబడి లింగారావు మెల్లగా అడిగాడు. "భాయ్, నాకొక్క సాయం జెయ్యాలె."

"చెప్పుండ్రి."

"ఊరికి పోయినంక హనుమండ్లు మల్ల నీ దుకాణానికే వస్తడు. నువ్వు గూడ జర నిమ్మళంగ కొట్టు."