విల్ఫ్ కొడుకు మోకాలు

హాక్‌థార్ప్‌లో రాయిస్టన్ ఓల్డ్‌రాయిడ్ మోకాలి గురించి తెలియనివాళ్లు లేరు. ఆ మోకాలికి ఏ జబ్బూ లేదన్న సంగతి మాత్రం ముగ్గురికే తెలుసు. రాయిస్టన్‌కి, వాళ్లమ్మ హిల్డాకి, ఆ జబ్బు పుట్టించిన తండ్రి విల్ఫ్‌కి.

విల్ఫ్ గనిలో బొగ్గు కొట్టే మనిషి. కుర్రతనంలో ఊరి రగ్బీ క్లబ్బు రెండో జట్టులో కొన్నాళ్లు ఆడి, ఆ ముచ్చట ఇప్పటికీ కార్మికుల క్లబ్బులో బీరు తాగినప్పుడల్లా చెబుతూనే ఉంటాడు. హాక్‌థార్ప్‌లో రగ్బీ అంటే పదమూడు మంది ఆడే లీగ్ ఆటే. పదిహేను మంది ఆడే యూనియన్ ఆట ఇంకొకటుందనీ, దాన్ని డాక్టర్లూ బ్యాంకు మేనేజర్లూ ఆడతారనీ, ఆట కాగానే ఒకరికొకరు షెర్రీ వైను పోసుకుంటారనీ అందరూ విన్నారు. అలాంటి ఊళ్లో విల్ఫ్ కొడుకు పరీక్ష పాసై పొరుగూరి గ్రామర్ స్కూల్లో చేరాడు. తల్లి మురిసిపోయింది. ఆ స్కూల్లో ఆడించేది పదిహేను మంది ఆట అని తెలిసి తండ్రికి తల కొట్టేసినట్టయింది.

"మీవాడు శనివారాలు మన కుర్రాళ్లతో ఆడ్డం లేదేంట్రా విల్ఫ్?" అని క్లబ్బులో లెన్ డైసన్ అడిగాడు. లెన్‌దీ విల్ఫ్‌దీ ఒకే షిఫ్టు. ఒకడి పరువు ఒకడు తీయకపోతే ఇద్దరికీ తోచదు.

విల్ఫ్ గ్లాసులోకి చూస్తూ, "మోకాలు బాగోలేదురా వాడికి. చిన్నప్పట్నుంచీ అంతే," అన్నాడు.

కొడుకు దొంగతనం చేసి జైలుకెళ్లినా అంత సిగ్గుపడేవాడు కాదేమో. హాక్‌థార్ప్‌లో జైలుకెళ్లి వచ్చినవాడికి కనీసం జట్టులో చోటుంటుంది.

ఆ రోజు నుంచీ రాయిస్టన్‌కి వీధిలో కుంటక తప్పలేదు. గుమ్మం నుంచి బస్సు స్టాపు దాకా కుంటేవాడు. పొరుగూళ్లో బస్సు దిగి, యూనియన్ మైదానంలో అంచు పట్టుకుని ఎవరికీ అందకుండా పరిగెత్తేవాడు. సాయంత్రం ఊళ్లో దిగి మళ్లీ కుంటేవాడు. ఒకసారి అలసటలో కాలు మార్చి కుంటుతుంటే పక్కింటి అడా టాటర్సాల్ చూసింది. "అయ్యో నా తండ్రీ, రెండోదానిక్కూడా పాకిందా!" అని ఏడ్చినంత పని చేసింది. ప్రతి చలికాలం ఆవిడ పెద్దబాతు కొవ్వు కాచి, సీసాలో పోసి, మోకాలికి రాయమని పంపేది. హిల్డా దాన్ని మొగుడి దగ్గుకి ఛాతీ మీద రాసేది. బొగ్గు దుమ్ము పట్టిన ఛాతీకి అది బాగానే పనిచేసింది.

వినేవాళ్లకి ఇదంతా నవ్వులాటే అవుతుంది గానీ, రాయిస్టన్‌కి నవ్వు రాలేదు. నలుగురిలో తండ్రి "వాడు నా కొడుకు" అని ఒక్కసారి గట్టిగా అంటే చాలనుకునేవాడు. యూనియన్‌లో ఎన్ని కప్పులు గెలిచినా ఆ మాట రాదని తెలుసు. అందుకే చదువయ్యి, పొరుగూరి యూనియన్ క్లబ్బుకి ఆడుతూ గని ఆఫీసులో గుమస్తాగా చేరాక, ఒక సాయంత్రం హోరెస్ గ్లెడ్‌హిల్ మాంసం కొట్టుకి వెనక గుమ్మం నుంచి వెళ్లాడు. గ్లెడ్‌హిల్ హాక్‌థార్ప్ లీగ్ క్లబ్బుకి ఛైర్మన్.

"నీ ఆట చూశాన్లే అబ్బాయ్," అన్నాడు గ్లెడ్‌హిల్ కత్తి తుడుచుకుంటూ. "ఎక్కడ చూశానని అడక్కు. రెండో జట్టులో మూడు ఆటలు పరీక్షకి ఆడు. నచ్చితే చేతిలో డబ్బు పెట్టి సంతకం, నేరుగా మొదటి జట్టే. పేరు మాత్రం పొక్కకూడదు. డబ్బు తీసుకుని ఆడే మా ఆట ఒక్కసారి ఆడావని తెలిసినా యూనియన్ వాళ్లు జన్మలో మళ్లీ గుమ్మం తొక్కనివ్వరు. ఆపైన మేమూ వద్దన్నామనుకో, రెంటికీ చెడతావ్."

జట్టు పేర్లు అచ్చేసిన కాగితంలో రాయిస్టన్ చోట "ఎ. ఎన్. అదర్" అని పడింది. ఎవరో ఇంకొకడు అని అర్థం. దొంగచాటుగా పరీక్షకొచ్చిన ప్రతివాడికీ ఆ ఆటలో అదే పేరు.

సంగతి వినగానే విల్ఫ్ కుర్చీలోంచి లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు.

"మన ఆటా? మన మైదానంలోనా?"

"అవును నాన్నా. కానీ మూడు శనివారాలూ ఎవరికీ చెప్పకూడదు."

"లెన్‌గాడిక్కూడానా?"

"లెన్‌కి చెబితే ఊరికి చెప్పినట్టే," అంది హిల్డా. "ఆరేళ్లు అబద్ధమాడావు కదయ్యా, మూడు శనివారాలు నోరు మూసుకోలేవా?"

"అప్పుడు సిగ్గుతో మూసుకున్నానే! ఇప్పుడెలా మూసుకోనూ?"

మొదటి శనివారం రాయిస్టన్ అంచు వెంట దూసుకెళ్లి గీత అవతల బంతి నేలకానించి జట్టుకి పాయింట్లు తెచ్చాడు. రెయిలింగు దగ్గర జనం అరిచి గోల చేశారు.

"ఆ అదర్‌గాడు మన విల్ఫ్ కొడుకులా లేడూ?" అన్నాడొకడు.

"కళ్లు దొబ్బాయా? ఆ కుర్రాడికి మోకాలే లేదు కదరా," అన్నాడు లెన్.

"కాళ్లు బాగుంటే పాపం వాడూ ఇలాగే పరిగెత్తేవాడు," అంటూ అడా కళ్లు తుడుచుకుంది. పక్కన విల్ఫ్ టోపీ అంచు నములుతూ నిలబడ్డాడు. తనాడిన అబద్ధమే కొడుక్కి ముసుగైంది. ఆ ముసుగు లాగి పారేద్దామని విల్ఫ్ చేతులు దురదపెడుతున్నాయి.

రెండో శనివారం స్టాండు మూలన, కోటు కాలర్ పైకెత్తుకుని మాంసం కూరిన రొట్టె తింటున్న మిస్టర్ పెంబర్టన్‌ని రాయిస్టన్ గుర్తుపట్టాడు. ఆయన యూనియన్ క్లబ్బు కార్యదర్శి. లీగ్ ఆట గొడ్లు ఆడేదని ప్రతి విందులోనూ ఉపన్యాసమిచ్చే పెద్దమనిషి. ఆయనకి కాస్త ఎడంగా ఆ క్లబ్బు కోశాధికారి కూర్చున్నాడు. ఇద్దరూ ఒకరికొకరు కనపడనట్టే చప్పట్లు కొడుతున్నారు. పేరు బయటపడనంతకాలం వాళ్లు రాయిస్టన్‌ని చూడలేదు, రాయిస్టన్ వాళ్లని చూడలేదు. మర్యాదస్తుల పద్ధతే అంత.

మూడో శనివారం వాన. సగం ఆట గడిచాక రాయిస్టన్ ఒకణ్ణి పట్టబోయి జారిపోయాడు. లెన్‌కి ఒళ్లు మండింది.

"ఈ అదర్‌గాడి బాబెవడో గానీ," అని అరిచాడు, "వీడు నా కొడుకని చెప్పుకోలేక ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకునుంటాడు!"

విల్ఫ్ నోట్లోంచి టోపీ ఊడిపడింది.

"ఎవడ్రా చెప్పుకోలేనిది? వాడు నా కొడుకు! రాయిస్టన్ ఓల్డ్‌రాయిడ్! నా కొడుకురా వాడు!"

అంచున ఆడేవాడు రెయిలింగుకి బారెడు దూరంలోనే ఉంటాడు. రాయిస్టన్ ప్రతి ముక్కా విన్నాడు. బురదలో నిలబడిపోయాడు. ఆరేళ్లుగా ఎదురుచూసిన మాట అది. వాడి బతుకు తలకిందులు చేసే మాటా అదే. వాడికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

జనం తలలన్నీ విల్ఫ్ వైపు తిరిగాయి. ముందుగా తేరుకున్నది అడా.

"మరి నా బాతు కొవ్వు ఏమైనట్టు?" అంది.

ఆ వారంలోనే యూనియన్ క్లబ్బు రాయిస్టన్‌ని శాశ్వతంగా వెలివేసింది. ఈ కుర్రాడు లీగ్ ఆడిన సంగతి "నమ్మకస్తుడైన ఒక వ్యక్తి" ద్వారా తెలిసిందని పెంబర్టన్ సభలో చెప్పాడు. ఎవరా వ్యక్తి అని ఎవరూ అడగలేదు. అడిగేవాళ్లలో సగం మంది ఆ నమ్మకస్తుడి పక్కనే కూర్చుని చూసినవాళ్లు.

గ్లెడ్‌హిల్ అయితే చుట్టుతిరుగుడు మాటలు కూడా పెట్టుకోలేదు. "మొన్నటిదాకా నువ్వు వాళ్ల కుర్రాడివి, నిన్ను లాక్కోవాలంటే మేం ఎంతైనా ఇచ్చుకోవాలి. ఇప్పుడు నువ్వు ఎవరి కుర్రాడివీ కాదు. పొద్దున్న మాంసానికున్న గిరాకీ సాయంత్రానికి ఉంటుందా అబ్బాయ్?" అన్నాడు. ముందు అన్న డబ్బులో సగానికి, మొదటి జట్టు మాట ఎత్తకుండా, సంతకం చేయించుకున్నాడు. రాయిస్టన్ చేశాడు. చెయ్యక ఎక్కడికెళతాడు?

చలికాలమంతా రెండో జట్టులోనే గడిచింది. వసంతంలో మొదటి జట్టులో అంచున ఆడే వింగర్ దవడ విరగ్గొట్టుకున్నాక రాయిస్టన్‌కి పిలుపొచ్చింది. ఈసారి కాగితంలో ఓల్డ్‌రాయిడ్ అనే పడింది. విల్ఫ్ ఆ కాగితాలు గుత్తగా కొని, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ పంచాడు. వీధిలో ఆరేళ్లు జాలిపడ్డ జనమంతా లెక్క తేల్చుకోడానికన్నట్టు రెయిలింగు దగ్గర చేరారు.

ఆట మొదలైన కాసేపటికి అవతలివాళ్లు బంతిని ఆకాశానికి తన్నారు. అది తిన్నగా రాయిస్టన్ మీదికే వచ్చింది. కింద పొంచి నిలబడ్డాడు, చేతులు చాపాడు. బంతి గుండెకి తగిలి ఎగిరి అవతలివాడి చేతుల్లో పడింది. వాడు నడుచుకుంటూ వెళ్లినట్టే వెళ్లి గీత దాటేశాడు. వాణ్ణి పట్టుకోబోయి దూకిన రాయిస్టన్ రెయిలింగు పక్కన బురదలో బోర్లా పడున్నాడు.

లెన్ తీరిగ్గా కాగితం మడతవిప్పి చూసుకున్నాడు.

"ఏరా విల్ఫ్, ఈ ఓల్డ్‌రాయిడ్ అంటే మీవాడేనా?"

విల్ఫ్ కింద పడున్న కొడుకు వంక చూశాడు. చుట్టూ ఉన్న మొహాల వంక చూశాడు.

"మోకాలు బాగోలేదురా వాడికి," అన్నాడు. "చిన్నప్పట్నుంచీ అంతే."

రాయిస్టన్ ఆ మాట విన్నాడు. చేతులానించి మెల్లగా లేచాడు. కంట్లో బురద తుడుచుకుని తండ్రిని చూశాడు. విల్ఫ్ మళ్లీ టోపీ నములుతున్నాడు.

రాయిస్టన్ వెనక్కి తిరిగి, ఎడమకాలు ఈడ్చుకుంటూ, కుంటుకుంటూ తన చోటుకి వెళ్లి నిలబడ్డాడు.