నీకొదేము చెక్కలేని ముఖం

1982 ఫిబ్రవరి. ఏర్పేడు దగ్గర మా ఊళ్ళో కొయ్య బొమ్మలు చెక్కే ఇళ్ళు పదికి పైగా ఉండేవి. నాది చివరిది. చిత్తూరు నుంచి ఒక ఫాదర్, ఆయన వెంట చర్చి పెద్ద దాసు వచ్చి సిలువ మీది క్రీస్తును చెక్కమన్నారు. మూడడుగుల విగ్రహం. వాళ్ళ పాత ప్లాస్టర్ విగ్రహం వానకు తడిసి పగిలిపోయిందట. గుడ్ ఫ్రైడే నాడు జనం వరుసగా వచ్చి ఆ పాదాలు ముద్దు పెట్టుకుంటారు. ఆ రోజుకు కావాలి.

"ప్రాణం పోయినాక ఉండే ముఖం కావాల ఆచారీ. కండ్లు మూసుకొని ఉండాల," అన్నారు ఫాదర్.

సరేనన్నాను. నా భార్య పోయి అప్పటికి రెండు నెలలు. చేతికి పని కావాలి, ఏదైనా సరే.

సీజనింగ్ అయిన టేకు, అంటే రెండేళ్ళు నీడన ఆరి ఇక పగుళ్ళివ్వని చెక్క, నా దగ్గర ఒక దుంగ ఉండేది. ఐదు వారాల్లో పక్కటెముకలు, మోకాళ్ళు, పాదాలు వచ్చేశాయి. ముక్కు, గడ్డం కూడా. కళ్ళు మిగిలాయి. మా పనిలో కళ్ళు ఎప్పుడూ చివరే. అవి తెరిచేదాకా అది చెక్క. తెరిచాక దాన్ని కాలితో అదిమి పట్టి పని చేయం. ముప్పయ్యేళ్ళలో మూసిన కళ్ళు నేను ఒక్కసారి కూడా చెక్కలేదు.

అదేమీ కష్టం కాదు. రెప్పకు సరిపడా చెక్క ఉబ్బుగా వదిలి, అంచున ఒక గీత గీస్తే చాలు. ఆ గీత కోసం సన్న గౌజ్, అంటే మొన దగ్గర వంపు ఉన్న ఉలి, పట్టుకుని మూడు రోజులు కూర్చున్నాను. తిరుపతి ఆసుపత్రిలో నా భార్య రెప్పలు ఈ చేతి బొటనవేలితోనే దించాను. నాలుగో రోజు పొద్దున చెయ్యి తనకు అలవాటైన పని చేసేసింది. రెప్ప కోసం వదిలిన చెక్క లేచిపోయింది. కళ్ళు తెరుచుకున్నాయి. తీసేసిన చెక్క మళ్ళీ రాదు.

గుడ్ ఫ్రైడేకి రెండు రోజుల ముందు, బుధవారం పొద్దున, వ్యాను తీసుకుని వాళ్ళిద్దరూ వచ్చారు. గుడ్డ తీయగానే దాసు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఏందప్పా ఇది? సచ్చిన దేవునికి కండ్లు తెరిసి పెట్టినావే! మీ గుళ్ళో సామి అనుకుంటివా?"

"తప్పు నాదే అన్నా."

"తప్పంటే అయిపోతాదా? ఎల్లుండి జనమొస్తే నేనేం సెప్పేది? ముసలోళ్ళు ఆ కండ్లు సూసి జడుసుకుంటారు. లప్పం పెట్టి మూసెయ్."

లప్పం అంటే రంపపు పొట్టు, జిగురు కలిపిన ముద్ద. పగుళ్ళు పూడ్చడానికి వాడతాం, పైన రంగు వేస్తే తెలియదు. కలిపాను. బొటనవేలి మీద కొంచెం తీసుకుని ఎడమ కంటి దాకా తీసుకెళ్ళాను. వేలు అక్కడే ఆగిపోయింది.

"ఏమాయె?" అన్నాడు దాసు.

"నాలుగు నెల్ల కింద ఇదే వేలితో మా ఇంటిదాని కండ్లు మూసినాను. ఇంకోసారి నావల్ల కాదన్నా."

ఫాదర్ అక్కడున్న దుంగ మీద కూర్చుని, నీకొదేము పేరు విన్నావా అని అడిగారు. ఈ పని ఒప్పుకున్నాక బైబిలు చదివాను కాబట్టి విన్నానన్నాను. జనానికి భయపడి చీకట్లో యేసును చూడవచ్చిన పెద్దమనిషి. చివరికి సుగంధద్రవ్యాలు మోసుకొచ్చి, ఆ దేహాన్ని సమాధి చేయడానికి చెయ్యి వేసినవాడు.

"బైబిల్లో అంతే ఉండాది. ఎన్నో వందల ఏండ్ల తర్వాత జనం ఇంకో కథ కట్టుకున్నారు. నీకొదేము సిలువ మీది ప్రభువును కొయ్యలో చెక్కినాడంట. ఒళ్ళంతా అయింది, ముఖం రాలేదు. అట్లే నిద్రపోయినాడు. లేసి చూస్తే ఎవరో దేవదూత ముఖం చెక్కి పోయినాడంట. ఆ విగ్రహం మనిషి లేని పడవలో ఇటలీ చేరిందని చెప్తారు. ఇప్పటికీ ఆడ ఉండాది. దాని కండ్లు తెరిచే ఉంటాయి."

దేవదూతను, పడవను నేను నమ్మలేదు. ముఖం రాలేదన్నది మాత్రం నమ్మాను. ఆ దేహాన్ని చేతులతో మోసినవాడికి ముఖం గుర్తులేక కాదు, చెక్కడానికి చెయ్యి రాక.

"కథలు ఇటలీలో సెల్తాయి ఫాదర్. చిత్తూర్లో అందరూ నన్నడుగుతారు," అంటూ దాసు ముద్దలోంచి కొంచెం తన బొటనవేలి మీదికి తీసుకున్నాడు. విగ్రహం ముందు వంగాడు. ఫాదర్ ఆపలేదు. ఆపే హక్కు నాకు లేదు. వేలు కంటి దగ్గరికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. లప్పం ఆరిపోతోంది, ఇక అంటుకోదు. ఆ మాట చెప్పాలి, నేను చెప్పలేదు.

దాసు చెయ్యి దించి పంచెకు తుడుచుకున్నాడు.

"కాళ్ళకాడ పట్టుకో ఆచారీ. వ్యానోడు గొణుగుతా ఉండాడు," అన్నాడు.

శుక్రవారం నేనూ చిత్తూరు వెళ్ళి చర్చిలో వెనక నిలబడ్డాను. ఒక ముసలమ్మ పాదాలు ముద్దు పెట్టుకుని, తలెత్తి, పక్కనే ఉన్న దాసును అడిగింది.

"ఏంరా దాసూ, కండ్లు తెరుసుకొనుండాడే?"

"ఇంకా పానం పోలేదులే అవ్వా. నువ్వు కదులు, ఎనకాల జనముండారు."

కళ్ళు తెరిచిన రోజు తప్పు చేశానని ఇప్పుడు అనుకోను. తప్పు ఫిబ్రవరిలో జరిగింది, ఆలోచించకుండా సరేనన్న రోజు. నా చేతికి ఏది చేతకాదో పని ఒప్పుకోకముందే తెలుసుకోవాలి. ఒప్పుకున్నాక తెలిస్తే దాని బరువు ఇంకొకరి వేలి మీద పడుతుంది.