సున్నా కిందికి దిగిన ఊరు

ఆ రోజుల్లో చుక్కలన్నిటినీ తాకే గీత గీయగలిగితే చాలు, లోకం మొత్తం అర్థమైపోయిందనుకునేదాన్ని. స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ ముగించి, రెండువేల మూడులోనో నాలుగులోనో గద్వాలలోని ఓ చిన్న సర్వే ఆఫీసులో చేరాను. గట్టు దగ్గరి ఓ ఊరికి తాగునీటి ట్యాంకు కట్టాలి. ముప్పై ఏళ్ల తర్వాత అక్కడ ఎంతమంది ఉంటారో లెక్కగట్టడం నా మొదటి పని. ఐదు జనగణనల అంకెలు కంప్యూటర్లో వేసి, ఐదు చుక్కల మీదుగా పోయే వంపు గీత ఒకటి సాధించాను. ఒక్క చుక్కా తప్పలేదు. (ఆ కాగితం అమ్మకూ చూపించాను. ముగ్గనుకుని బాగుందంది.)

మా పెద్దాయనతో (ఆఫీసులో అందరికీ ఆయన కొలతల సార్) ఆ ఊరి పంచాయతీకి వెళ్లి చార్టు గోడకు తగిలించాను. ముప్పై ఏండ్లకు ఇది యాడిదాకా పోతదని సర్పంచమ్మ అడిగింది. ఉత్సాహంగా కాలిక్యులేటర్ నొక్కుతూ, అందరి ముందే పెన్సిలుతో గీతను పొడిగించాను. పదేళ్లకు వంగింది. ఇరవై ఏళ్లకు ఊరు సగమైంది. ముప్పై ఏళ్లకు సున్నా కిందికి దిగింది.

"గట్లయితే మాకు ట్యాంకెందుకు బిడ్డా, మేమే ఉండం గద," అంది సర్పంచమ్మ నెమ్మదిగా.

ఎవరైనా నవ్వినా బాగుండేది. కొలతల సార్ పైకప్పు దూలాలు లెక్కపెట్టుకుంటున్నారు. చివరి జనగణనలో అంకె ఎందుకు తగ్గిందని అడిగాను. "లెక్కలోళ్లు వచ్చిననాడు సగం ఊరు బొంబాయిల పనికి పోయుండె," అందామె.

ఆమెతోనే రెండు రోజులు ఇల్లిల్లూ తిరిగి, వలసపోయినవాళ్లను ఆ చివరి అంకెకు కలిపాను. తర్వాత ఒక్కో జనగణన అంకెను దాచిపెట్టి, మిగతావాటితో దాన్ని చెప్పించి చూశాను. నా వంపు గీత ప్రతిసారీ బోల్తాపడింది. ఏటా ఒకే శాతం పెరిగే సాదా గీత ఒక్క చుక్కనూ సరిగ్గా తాకలేదు గానీ, ప్రతిసారీ దగ్గరికొచ్చింది.

మళ్లీ అదే పంచాయతీ. ఈసారి ట్యాంకు మంజూరు చేసే ఇంజనీరు గారూ వచ్చారు. చుక్కలు తాకని గీతను ఎట్ల నమ్మాలన్నారు. "దాచిన లెక్కను గిదే దగ్గరగ చెప్పింది సార్. ఊరు ఏటా అదే వంతున పెరుగుతదని దీనర్థం," అన్నాను. ఆయన ఆ అంకెలు సరిచూసుకుని, ముప్పై ఏళ్లకు సరిపడే పెద్ద ట్యాంకుకే సంతకం పెట్టారు. సర్పంచమ్మ నా చేతిలో చల్ల గ్లాసు పెట్టి, "ఇగ మేముంటమన్నట్టు," అంది. ఊరంతా నవ్వింది, అందరికంటే గట్టిగా నేనే.

ఇప్పుడు కంప్యూటరు నిమిషంలో వంద గీతలు గీసిస్తుంది. అయినా నలుగురిలో తల దించుకున్నాక మళ్లీ ఇల్లిల్లూ తిరగడానికి బయల్దేరిన ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. కొంచెం అసూయ కూడా.