తప్పిన తాడు

మొన్న ఆదివారం ఆరాధన ముగించుకుని మా ఊరు బాంబూఫ్లాట్‌కు బోటులో తిరిగి వస్తున్నాం. బోటు జెట్టీకి ఆనబోతుండగా, దాన్ని కట్టే లస్కరు విసిరిన తాడు ఇనుప దిమ్మను తప్పి ధభీమని నీళ్లలో పడింది. జనం చ్చొచ్చొ అన్నారు. నా పక్కన నిలబడ్డ మా అమ్మాయి మాత్రం రెండు చేతులూ చెవుల దగ్గర ఆడిస్తూ పగలబడి నవ్వింది. ఇరవై దాటిన పిల్ల అంత గట్టిగా నవ్వితే కొత్తవాళ్లు తిరిగి చూస్తారు. చూడనీ, చూపుకి టికెట్టు లేదు. పాపం ఆ లస్కరే సిగ్గుపడ్డాడు. "ఫికర్ చేయకు భయ్యా, ఈ బోట్ల మీద ఒకప్పుడు ఆ పని నేను కావాలనే చేసేవాణ్ణి" అన్నాను. నమ్మినట్టు లేడు.

నిజంగానే చేశాను. ఏడో తరగతిలో లెక్కల మాస్టారి ముఖం నాకు నచ్చలేదు, నా ముఖం ఆయనకు నచ్చలేదు. ఇద్దరిలో జీతం వచ్చేది ఆయనకే కాబట్టి నేనే తప్పుకుని, కొన్నాళ్లకు లస్కరుగా బోటెక్కాను. ఉంగరంలా ముడివేసిన ఆ లావుపాటి తాడును జెట్టీ మీది దిమ్మకు తగిలించడమే నా విద్య. వానలోనూ గాలిలోనూ నా గురి తప్పేది కాదు. నోరు అంతకంటే తప్పేది కాదు. ఎక్కినవాళ్లందరినీ ఏదో ఒకటి అని నవ్వించేవాణ్ణి. నవ్వని మనిషి ఒక్కతే, మా ఇంట్లోనే ఉండేది. నాలుగేళ్ల మా అమ్మాయి. మాటల్లేవు, పిలిస్తే తిరిగేది కాదు. గిన్నె మూత గిర్రున తిప్పి, అది ఆగేదాకా చూసి, మళ్లీ తిప్పేది. నేను కోతిలా గెంతినా ఆ మూతకున్న విలువ నాకు లేదు. "నీకూ నాలుగేళ్లొచ్చేదాకా మాటల్లేవురా. ఆ తరవాత మొదలెట్టినోడివి ఇప్పటిదాకా ఆపనేదు" అని మా అమ్మ ధైర్యం చెప్పేది.

సముద్రం దాటి మెయిన్‌లాండ్ నుంచి మా దీవికి నెలకోసారి వచ్చే పిల్లల డాక్టరు ఉండేవారు, తెలుగాయనే. "పేరు పెట్టి పిలిస్తే పలుకుతుందా?" అని అడిగారు. "నేను పిలిస్తే మా ఇంట్లో ఎవరు పలుకుతారు సార్!" అన్నాను. "కళ్లలోకి చూస్తుందా?" అన్నారు. "వాళ్లమ్మే చూడదు సార్, పెళ్లయినప్పటి నుంచి." ఆయన మర్యాదకు నవ్వారు. బయటికొచ్చాక మా ఆవిడ నా చొక్కా పట్టుకున్నంత పని చేసింది. "హర్ బాత్ మే మజాకేనా? ప్రతిదానికీ వేళాకోళమేనా? ఆయన రాసుకున్నది పిల్ల సంగతా, నీ జోకులా?" నాకు భయమేస్తే నోరు ఇంకా ఎక్కువ వాగుతుందని పెళ్లయిన ఆరేళ్లకి కూడా ఆమెకు తెలియదు. నాకే తెలియదు మరి.

ఆటిజం అన్నారు. అవతలి ఒడ్డున డెలానీపూర్‌లో ఒక మేడమ్ దగ్గర, ఉయ్యాల కట్టిన గదిలో, వారానికి రెండు రోజులు థెరపీ. సోమవారం, గురువారం తల్లీకూతుళ్లు నా బోటులోనే దాటేవారు. ఒక గురువారం పిల్లను చూస్తూ విసిరాను. తాడు తప్పింది, నీళ్లు ఎగిరాయి. మా అమ్మాయి కిలకిలా నవ్వింది! నా కూతుర్ని నేను నవ్వించడం అదే మొదటిసారి. సోమవారం మళ్లీ తప్పించాను. కంట్లో ఏం పడిందిరా అని బోటు నడిపే సారంగు పైనుంచి కేకేశాడు, "క్యా రే, ఆంఖ్ మే క్యా గిరా?" సంగతి చెప్పాక ఆ పెద్దమనిషి పిల్ల ఉన్న ట్రిప్పులో మాత్రం బోటును ఇంకాస్త నెమ్మదిగా తెచ్చి, "ఏక్ బార్! బస్, ఏక్ బార్!" అంటూ ఒక్కసారికి ఒప్పుకునేవాడు.

ఆ వానాకాలంలో పిల్ల మణికట్టు కొరుక్కోవడం మొదలుపెట్టింది, రక్తం వచ్చేలా. డాక్టరు థెరపీతో పాటు మాత్ర కూడా ఇచ్చి చూద్దామన్నారు. ఇంట్లో పెద్ద పంచాయితీ. "పసిపిల్లకి మాత్రలేటిరా? మన్లో ఎవులైనా ఇచ్చేరా?" అని మా అమ్మ. ప్రార్థన చేసిన నూనె రాయమని చర్చి ఆంటీ. మా ఆవిడ పిల్ల చెయ్యి ఎత్తి అందరికీ చూపించింది. "కొరుక్కునేది ఇది, సలహాలిచ్చేది మీరు. నేనిస్తాను."

ఇచ్చింది. మూడు వారాల్లో గాయం ఎండింది. పిల్ల చర్చిలో కదలకుండా కూర్చుంది. ఎంత బుద్ధిగా ఉందో అని అందరూ మెచ్చుకున్నారు, నేనూ మురిసిపోయాను. ఆ గురువారం తాడు తప్పించాను. పిల్ల నీళ్లవైపు చూసింది, అంతే. మళ్లీ లాగి విసిరాను. సారంగు అరవలేదు. మూడోసారీ విసిరాను.

ఆ సాయంత్రం మాత్రల డబ్బా సముద్రంలో పారేస్తానన్నాను. "పారెయ్. రేపట్నుంచి దాని చెయ్యి నువ్వే పట్టుకుని కూర్చో" అంది మా ఆవిడ. కాసేపటికి గొంతు తగ్గించి, "నాకూ కనిపించింది. మూత కూడా తిప్పట్లేదు" అంది. సొంత పెత్తనం వద్దు, డాక్టరు వచ్చేది శుక్రవారమే, ఆయనకే చెబుదాం అనుకున్నాం.

ఈసారి జోకు వేయలేదు. తాడు సంగతి మొదట్నుంచీ చివరిదాకా చెప్పాను. ఆయన రాయడం ఆపి విన్నారు, తరువాత అంతా రాసుకున్నారు. "ఇది మొదటి రోజే చెప్పాల్సిందయ్యా. మాత్ర ఇచ్చింది పిల్ల కుదురుగా కూర్చోవాలని కాదు, చెయ్యి మానాలని. నవ్వు కూడా ఉండాలి" అన్నారు. సగానికి తగ్గించారు. ఎప్పుడు కొరుక్కుంటోందో గమనించమని మేడమ్‌కి చీటీ రాశారు. లారీలు బోటెక్కేటప్పటి చప్పుడుకేనని ఆమె కనిపెట్టి, చెవులు మూసుకోవడం నేర్పింది. మణికట్టు కాపలా మా ఆవిడది, తాడు కాపలా నాది. రెండో వారంలో చేతి మీద ఒక కొత్త పంటిగాటు పడింది. మా ఆవిడ జెట్టీ మీదే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మళ్లీ మాత్ర పెంచమని అడుగుదామా అంది. గురువారం దాకా చూద్దామన్నాను. గురువారం తాడు నీళ్లలో పడింది. పిల్ల చేతులు ముందు చెవుల దగ్గరికి లేచాయి, నవ్వు కొంచెం ఆలస్యంగా వచ్చింది. సారంగు హారన్ కొట్టబోయి, పిల్ల చెవులు గుర్తొచ్చి ఆగిపోయాడు.

ఆ సగం మాత్ర రెండేళ్లు సాగింది. తరువాత డాక్టరే మెల్లగా మాన్పించారు. మాటలు ఇప్పటికీ తక్కువే. మా ఇంట్లో వాటి కొరత నేను తెలియనివ్వను. ముప్పై ఏళ్లు విసిరిన తాళ్లలో సరిగ్గా దిమ్మకు తగిలినది ఒక్కటీ నాకు గుర్తులేదు. కాలం నన్ను ఈ జెట్టీకి కట్టి ఉంచింది ఆ తప్పినవాటితోనే.