చాప మీద చోటు

కంప్యూటర్ మెమరీలో ఎవరిని ఉంచాలి, ఎవరిని బయటికి నెట్టాలి అని చూసుకునే ప్రోగ్రామును కెర్నల్ అంటారు. నా ఉద్యోగమంతా దానితోనే గడిచింది. ఇదంతా మీకెలా అబ్బిందండీ అని కొత్తగా చేరిన పిల్లలు అడిగితే ఏవో పుస్తకాలు చూపించి పంపించేస్తాను. నిజానికి నేను దాన్ని నేర్చుకున్నది బందరులో, ఒక లెక్కల మేష్టారి ముందుగదిలో, అసూయతో కుళ్లిపోతూ.

అప్పుడు డిగ్రీ చదువుతున్నాను. పరీక్ష తప్పితే చదువు మాన్పిస్తామని ఇంట్లో ముందే చెప్పేశారు. ఆ ట్యూషన్ లేకపోతే నేను గట్టెక్కే మాట కల్ల. మేష్టారి గదిలో ఒకటే చాప, గోడకి ఒకటే నల్లబోర్డు. చాప నిండితే కొందరిని వీధి అరుగు మీదికి పంపేవారు. అరుగు మీద కావలసినంత చోటు, కానీ పాఠం వినపడదు. ఎవరిని పంపాలన్నదానికి ఆయన పద్ధతి ఒకటే. కాసేపటి నుంచి నోరు మెదపని వాళ్లని పంపేవారు. కెర్నల్ చేసేదీ ఇంచుమించు అదే. కొంతసేపటి నుంచి ఎవరూ ముట్టుకోని సమాచారాన్ని మెమరీలోంచి తీసి డిస్కులో పెడుతుంది, కావలసినప్పుడు మళ్లీ తెచ్చుకుంటుంది. దాన్నే స్వాపింగ్ అంటారు.

ఆ నోరు మెదపని మనిషిని నేనే. అందుకని రోజూ అరుగు నాదే. "ఏవమ్మా, బయట కూచోబెట్టారా?" అని వీధిన పోయేవాళ్లు పలకరిస్తుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

లోపల మాత్రం గుడివాడ నుంచి రైల్లో వచ్చే అమ్మాయి మహారాణిలా కూర్చునేది. ఒక్క లెక్కకి సవాలక్ష ప్రశ్నలు. బోర్డు సగం ఆవిడగారిదే. అరుగు ఎలా ఉంటుందో కూడా ఆమెకి తెలియదు. ఆమె గొంతు వింటేనే నాకు ఒళ్లు మండేది. ఒక్కరోజైనా ఆ రైలు తప్పిపోవాలని దేవుడికి మొక్కుకునేదాన్ని. పాడు రైలు, ఏనాడూ తప్పలేదు.

ఉప్పెన వచ్చి వెళ్లాక నాగాయలంక వైపు నుంచి, మిగతా దివిసీమ నుంచి పిల్లలు బందరులో చుట్టాల ఇళ్లకి చేరారు. మేష్టారు ఎవరినీ కాదనలేదు. ఇక చూడాలి ఆ గది. ఒకణ్ణి లోపలికి పిలిచి, ఎక్కడ ఆగాడో గుర్తుచేసి, బోర్డు తుడిచి మళ్లీ లెక్క ఎత్తుకునేసరికి ఇంకొకడి వంతు వచ్చేది. పొద్దస్తమానం లేవడం, కూర్చోవడమే తప్ప ఒక్క లెక్కా తెమిలేది కాదు. కంప్యూటరూ అంతే. మెమరీకీ డిస్కుకీ మధ్య సమాచారాన్ని మోయడంతోనే సరిపోయి అసలు పని ఆగిపోతుంది. అప్పుడు నడుస్తున్న ప్రోగ్రాముల్లో ఏదో ఒకదాన్ని పూర్తిగా ఆపేయాలి. తొందరపడితే నిక్షేపంగా నడుస్తున్నదాన్ని చంపినట్టు, ఆలస్యం చేస్తే అన్నీ స్తంభించిపోయినట్టు. మా పనిలో కష్టమంతా అక్కడే.

"ఇలా అయితే ఎవ్వరికీ చదువు రాదు. ఒకళ్లు మానుకోవాలి" అన్నారు ఒకరోజు మేష్టారు, అరుగు మీదవాళ్లని కూడా లోపలికి పిలిచి. అందరూ నా వంకే చూశారు. నా చదువు ఇంతటితో సరి అనుకున్నాను. ఆయన గుడివాడ అమ్మాయి వైపు తిరిగి, "రేపట్నుంచి నువ్వు రావద్దమ్మా" అన్నారు. ఆమె పుస్తకాలు సర్దుకుని, ఆయనకి దణ్ణం పెట్టి వెళ్లిపోయింది. దాచుకోవడం దేనికి, నాకు పండగే. ఆ పూట మారు వడ్డించుకుని మరీ తిన్నాను.

మర్నాడు చాప మీద, బోర్డుకి ఎదురుగా కూర్చున్నాను. గది కుదుటపడింది, లెక్కలు తెములుతున్నాయి. అంతటితో ఊరుకోవచ్చు కదా. మేష్టారి నోటి వెంట ఆమె మీద ఓ విసుగు మాట వినాలనిపించింది.

"ఆ అమ్మాయినే ఎందుకు మానిపించారండీ?"

"తనొక్కతే నలుగురి చోటు తీసుకునేది కదమ్మా" అన్నారాయన. "పైగా తను ఎక్కడున్నా చదువుకుంటుంది. నిన్ను పంపిస్తే నువ్వు అక్కడితో ఆగిపోతావు."

కెర్నల్ కూడా అలాగే చూస్తుంది. ఎవరిని ఆపితే ఎక్కువ చోటు వస్తుందో, ఎవరిని ఆపితే తక్కువ నష్టమో వెతుకుతుంది. ఆ లెక్కలో తప్పు లేదని చెప్పే ఉద్యోగమే నేను చేశాను. ఆ ఏడాది పరీక్ష నేనూ గట్టెక్కాను. ఆమె గుడివాడలో ఇంట్లో కూర్చుని చదువుకుని నాకంటే మంచి మార్కులతో పాసయింది.

నన్ను జాలిపడి ఉండనిచ్చారు, ఆమెని నమ్మి పంపించారు. ఆ నమ్మకం ఆమెకి దక్కినందుకు నాకు ఇప్పటికీ కడుపుమంటే.